విప్పని చీటీ

ఆ ఏడు శ్రావణంలో వాన వదలకుండా పట్టుకుంది. మదనపల్లె మార్కెట్లో టమోటా బుట్టల్లోనే కుళ్లింది. నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మూడూ ఒకే నెలలో జరిగాయి. మొదటి రెండూ ఊరందరివి. మూడోది మా ఇంటిది, నేను చెప్పబోయేది దాని సంగతే.

మా ఊరు పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దారిలో, బస్సు దిగి అర మైలు నడిస్తే వస్తుంది. మా ఇంట్లో ప్రతి మనిషికీ రెండు పేర్లు. ఒకటి రేషన్ కార్డుకు, ఒకటి మందిరానికి. నాయన కార్డులో చెంగల్రాయుడు, మందిరంలో ఆశీర్వాదం. అమ్మ కార్డులో కౌసల్య, మందిరంలో కరుణమ్మ. నేను బడి రికార్డుల్లో హేమలత, ప్రార్థనలో కృపావతి. ఇది దొంగతనమని మాకెప్పుడూ అనిపించలేదు. మా పేటలో సగం ఇళ్లు ఇంతే. క్రైస్తవులకు ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వరు. బాప్తిస్మం తీసుకున్నామని కాగితం మీద చెప్పుకున్న రోజున అది పోతుంది. కులం మాత్రం ఎక్కడికీ పోదు, టీ కొట్టు దగ్గర్నుంచి అద్దె ఇంటి దాకా వెంట వస్తుంది. అందుకని కాగితాన్ని కాగితం చోట, ప్రార్థనను ప్రార్థన చోట పెట్టుకొని బతికాం.

నాయన ముప్పై ఏళ్లు టమోటా మార్కెట్లో హమాలీ. నడుము పోయాక ఇంటిపట్టున ఉండి మందిరం పనులు చూసుకుంటున్నాడు. సంఘ పెద్ద. మందిరం తాళంచెవి అప్పటికి పద్దెనిమిదేళ్లుగా ఆయన చొక్కా జేబులోనే ఉంది. ఆదివారం తెల్లవారకముందే పోయి తలుపు తీసి, చిమ్మి, చాపలు పరిచి, గంట కొట్టడం ఆయన పని. నేను అప్పటికి ఏడేళ్లుగా అంగళ్లులో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. డీఎస్సీ రాయడం అది మూడోసారి. మళ్లీ ఎప్పుడు వేస్తారో వేసేవాళ్లకే తెలీదు. లిస్టులో పేరు చూసిన రోజు నాయన నా తల మీద చేయి పెట్టి, ఏడుపు ఆపుకోలేక, ప్రార్థన మధ్యలోనే ఆమెన్ అనేశాడు.

ఆ సంతోషం పన్నెండు రోజులు ఉంది.

పదమూడో రోజు, మంగళవారం పొద్దున, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ముద్దుకృష్ణ మా ఇంటికొచ్చాడు. నలభై దాటిన మనిషి. తడిసిన ప్యాంటు అంచులు పైకి మడుచుకొని, గొడుగు గోడకు ఆనించి, నాయన వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. గట్టిగా మాట్లాడే రకం కాదు. గట్టిగా మాట్లాడి ఉంటే మాకు ఇంత నష్టం జరిగేది కాదేమో.

"ఆకాశరామన్న అర్జీ ఒకటి వచ్చిందమ్మా, నీ కులం సర్టిఫికెట్ మీద," అన్నాడు. "మీరు కిరస్తానం పుచ్చుకున్నారని రాసినారు."

"ఎవురు సార్ రాసింది?" అన్నాడు నాయన.

"సంతకం లేదప్పా. పాప తర్వాత మార్కు వచ్చినోళ్లు ఎవురో పెట్టింటారు. అది నాకు పనిలేదు. విచారించి రిపోర్టు పంపమన్నారు, పంపాల."

మాట్లాడుతూ గోడ వైపు చూశాడు. బైబిలు వాక్యం అచ్చేసిన క్యాలెండరు, దాని పక్కన అమ్మ ఫోటో, ఫోటో పైన చెక్క సిలువ. చూసి కళ్లు దించుకున్నాడు.

"ఈ పొద్దు నేనేమీ సూడలేదు. ఊరికే చెప్పిపోదామని వచ్చినా. శనివారం వస్తా, పంచనామా రాసేదానికి. పాప హిందువునని, వేరే మతంలోకి పోలేదని అఫిడవిట్ ఇయ్యాల. ఇరుగుపొరుగు సాక్షులు కావాల. ఇల్లు సూస్తా." గొడుగు చేతిలోకి తీసుకున్నాడు. "శ్మశానం కూడా సూడమని రాసినారు. మీ యమ్మ సమాధి మీద సిలువ ఉండాదంట."

నాయన గోడకు ఆనుకొని కింద కూర్చున్నాడు.

"శనివారం దాకా టైముండాది," అన్నాడు ముద్దుకృష్ణ లేస్తూ. "అంతకుమించి నేను చెప్పకూడదు."

అది దయే. నాలుగు రోజుల దయ. ఆ దయ లేకుండా ఉన్నదున్నట్టు అప్పుడే రాసుకొని పోయి ఉంటే నా ఉద్యోగం పోయేది. వారం రోజులు ఏడ్చి, మళ్లీ అంగళ్లు బస్సెక్కేదాన్ని. ఇల్లు ఇల్లులాగే ఉండేది.

పక్కింట్లోంచి అన్నీ విన్న సిద్ధమ్మత్త చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె నాయనకు అక్క. మతం మారలేదు. గంగమ్మ జాతరకు వేటను ఇస్తుంది, క్రిస్మస్‌కు మా ఇంట్లో బిర్యానీ తింటుంది, రెండూ ఆమెకు బాగానే అరుగుతాయి.

"ఇంత దానికి యాల తల పట్టుకుంటారు?" అంది. "యెంకటేసుర సామి పటాలు మా ఇంట్లో రెండుండాయి. ఒకటి తెచ్చి ఆ సిలువ మేకుకే తగిలిస్తా. పాపకు ఇంత బొట్టు పెడతా. సాక్షికి నేనే వేలిముద్ర వేస్తా. అయిపాయె."

"సమాధి?" అన్నాను నేను.

అత్త అమ్మ ఫోటో వైపు చూసింది. అమ్మను పూడ్చిన రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆమే.

"దేవుణ్ణి అడగాల," అన్నాడు నాయన.

మరుసటి రోజు నేను పుంగనూరు పోయి పాస్టరు దినేష్‌ను కలిశాను. మా ఊరితో కలిపి మూడు ఊళ్ల మందిరాలు ఆయనే చూస్తాడు. నాకంటే రెండు మూడేళ్లు పెద్ద అంతే. చెప్పిందంతా విన్నాడు.

"సంఘంలో ఎంతమంది దగ్గర ఇట్లాంటి సర్టిఫికెట్ ఉండాదో నీకు తెలుసు, నాకూ తెలుసు. సంతకం పెట్టమని చెప్తే నేను కాపరిని కాను. వద్దని చెప్తే రేపు మీ ఇంట్లో పొయ్యి నేను ఎలిగించలేను. ప్రార్థన చేద్దామమ్మా."

ప్రార్థన చేద్దాం అనే మాట మావాళ్లు రెండు సందర్భాల్లో అంటారు. నిజంగా ప్రార్థన చేయబోయేటప్పుడు, ఇంక నువ్వు లేవొచ్చు అని మర్యాదగా చెప్పాల్సి వచ్చినప్పుడు. నేను లేచి వచ్చేశాను. బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఆయన్ని తిట్టుకుంటూ ఊరు చేరాను. ఆయన చెప్పింది నిజమేనని తెలిసి మరీ తిట్టుకున్నాను.

మా ఇంట్లో దేవుణ్ణి అడగడమంటే చీట్లు వేయడం. ఉపవాసం ఉండి, తెల్లవారి స్నానం చేసి, రెండు చీట్లు రాసి, ఒకే తీరున మడిచి పరిశుద్ధ గ్రంథంలో పెట్టేవాళ్లు. ప్రార్థన అయ్యాక నాయన కళ్లు మూసుకొని ఒకటి తీసేవాడు. తీసింది దేవుడి మాట. మిగిలిన చీటీని విప్పకూడదు. విప్పితే అది వచ్చుంటే బాగుండేదని మనసు పీకుతుంది, ఆ పీకుడే అవిశ్వాసం అనేది అమ్మ. విప్పకుండానే కాల్చేయాలి. కట్టెల పొయ్యి ఉన్నప్పుడు పొయ్యిలో వేసేది, గ్యాసు వచ్చాక వాకిట్లో అగ్గిపుల్ల గీసి కాల్చేది. రాసేది ఎప్పుడూ అమ్మే. నాయనకు కూడబలుక్కొని చదవడం వచ్చు, రాయడం రాదు.

నన్ను బీఈడీలో చేర్చాలా వద్దా అని వేశారు. చేర్చమని వచ్చింది. రెండేళ్ల కింద అమ్మకు కడుపులో గడ్డ ఉందన్నప్పుడు కూడా వేశారు. వేలూరు పెద్దాసుపత్రికి పోవాలా, మదనపల్లెలోనే చూపించుకోవాలా అని. తన చీట్లు తానే రాసుకుంది. మదనపల్లె అని వచ్చింది. నలభై రోజులు బతికింది. అప్పటికే ముదిరిపోయింది, వేలూరు పోయినా అంతేనని తర్వాత ఇద్దరు డాక్టర్లు చెప్పారు. నాయన దేవుడి చిత్తమని సర్దుకున్నాడు. నేను సర్దుకోలేదు. వాకిట్లో కాలిపోయిన ఆ రెండో చీటీ మీద నాకు రెండేళ్లుగా కోపం.

బుధవారం, గురువారం నాయన అన్నం ముట్టలేదు. శుక్రవారం తెల్లవారేసరికి వాన కొంచెం తెరిపి ఇచ్చింది. స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకొని చాప మీద కూర్చున్నాడు.

"మీ యమ్మ లేదు గదా. నువ్వే రాయమ్మా," అన్నాడు.

"ఏమని రాయాల నాయనా?"

"ఆ సారు చెప్పినట్టు చేయమనేదానికి 'చేయండి' అని ఒకదాంట్లో. కాదనేదానికి 'వద్దు' అని ఇంకోదాంట్లో. ఎక్కువ మాటలు వద్దు."

లోపలి గదిలోకి పోయి, స్కూలు నోట్సులోంచి కాగితం చింపి రెండు ముక్కలు చేశాను. మొదటి ముక్క మీద 'చేయండి' అని రాసి మడిచాను. రెండో ముక్క మీద కూడా 'చేయండి' అని రాసి మడిచాను. ఏడేళ్లు బోర్డు మీద రాసిన చేయి, అక్షరాలు కుదురుగా వచ్చాయి.

వేరే దారి తోచలేదని ఇప్పుడు చెప్పుకోవచ్చు. కానీ తోచింది. ఆ కాగితం మీద 'వద్దు' అని రాయడానికి ఎంతసేపు పడుతుంది? అమ్మ విషయంలో చీటీకి వదిలేశాం, ఇది వదలను అనుకున్నాను. అంతే అనుకున్నాను. సమాధి సంగతి ఆ నిమిషంలో నా మనసులో లేదు.

నాయన రెండు చీట్లూ గ్రంథంలో పెట్టి మూసి, మోకాళ్ల మీదికి వంగాడు.

"తండ్రీ, నాకు తెలివి లేదు. నా బిడ్డ కష్టపడింది. నీ పేరుకు అవమానం రాకూడదు, నా బిడ్డ నోటికాడి కూడు పోకూడదు. రెండూ ఎట్ల కుదురుతాయో నాకు తెల్దు. నువ్వే దారి సూపించు. నువ్వేం చెప్పినా చేస్తా. నాకు బాధైనా చేస్తా."

ఇంకా చాలా అడిగాడు. నేను కళ్లు మూసుకోలేదు. ఆయన వేళ్లు గ్రంథంలో తడుముతూ ఒక చీటీ దగ్గర ఆగి, దాన్ని వదిలి రెండోదాన్ని పట్టుకోవడం చూశాను.

విప్పి, వెలుతురుకు పట్టి, కూడబలుక్కొని చదివాడు. "చే... యండి."

ఆయన ముఖంలో సంతోషం ఉంటుందనుకున్నాను. లేదు. అప్పుడు తెలిసింది నాకు, ఆయన రెండు రోజులు కూడు మాని అడిగింది 'వద్దు' అనే మాట కోసమని. నేను రాయని ఆ మాట కోసమని.

"సరే తండ్రీ," అన్నాడు.

తీసిన చీటీని గ్రంథంలోనే దాచుకున్నాడు. రెండోదాన్ని వాకిట్లోకి తీసుకుపోయాడు. అగ్గిపెట్టె చెమ్మకి మూడు పుల్లలు వెలగలేదు. ఆయన విప్పుతాడేమో అని నేను ఆయన వేళ్లనే చూస్తూ నిలబడ్డాను. నాలుగోది వెలిగింది. కాగితం బూడిదయ్యాక నేను ఊపిరి పీల్చుకున్నాను. సిగ్గుపడకుండా చెప్తున్నాను, నాకు కలిగింది ఊరటే.

మధ్యాహ్నం గడ్డపార భుజాన వేసుకొని శ్మశానానికి బయల్దేరాడు. నేను వెంట పోయాను. మళ్లీ తుంపర మొదలైంది. అమ్మ సమాధి మీది సిలువ కొన్నది కాదు. రెండడుగులది, చెక్కల మధ్య సిమెంటు పోసి నాయనే చేశాడు. పుంగనూరు పెయింటరు నల్ల రంగుతో 'కరుణమ్మ' అని, దాని కింద 'ప్రభువునందు నిద్రించెను' అని రాశాడు.

"నేను పట్టుకుంటా నాయనా."

"వద్దు. నాకు చెప్పినాడు, నేనే చేస్తా."

గడ్డపార మొన సిలువ మొదట్లో దూర్చి, ఒక మోకాలు నేలకు ఆనించాడు. అమ్మతో మాట్లాడాడు. మామూలుగానే, ఇంట్లో మాట్లాడినట్టే.

"ఏమనుకోవద్దు కరుణా. నేను అనుకొని చేసేది కాదు ఇది. ఆయనే చెప్పినాడు."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్క మాట అంటే చాలు, గడ్డపార కింద పడేది. నేను నోరు తెరిచాను.

"మెల్లగా నాయనా, నడుము," అన్నాను.

సిలువ ఊడి వచ్చేటప్పుడు ఒక చేయి విరిగింది. విరిగిన ముక్కను కూడా ఏరి యూరియా సంచిలో వేశాడు. మట్టి కప్పి, కాలితో తొక్కి, చేత్తో సమం చేశాడు. సంచిని మార్కెట్లో టమోటా మోసినట్టు వీపు మీదికి ఎత్తుకున్నాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు. ఇంటికొచ్చి మంచం కిందికి తోశాడు.

శనివారం ముద్దుకృష్ణ వచ్చేసరికి మేకుకు అత్త తెచ్చిన పటం ఉంది, నా నుదుట అత్త పెట్టిన బొట్టు ఉంది. అఫిడవిట్ మీద హేమలత అని సంతకం పెట్టాను. అత్త వేలిముద్ర వేసింది. ఆమె వరకు అందులో అబద్ధం లేదు, తనకు తెలిసిన కౌసల్య బిడ్డను గురించే చెప్పింది.

"మీరు హిందువులే గదప్పా?" అని నాయనను అడిగాడు ముద్దుకృష్ణ.

"కార్డులో ఉండేదే సార్."

"అట్ల గాదు. నోటితో చెప్పాల. రాసుకోవాల నేను."

నాయన భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "హిందువులమే సార్."

శ్మశానంలో ముద్దుకృష్ణ ఎక్కువసేపు నిలబడలేదు. కొత్తగా సమం చేసిన మట్టి చూశాడు, నాయన అరచేతుల్లో బొబ్బలు చూశాడు. "వాన పడి మట్టంతా ఒకటే తీరుగా ఉండాది," అని రాసుకున్నాడు. ఆయన్ని నేను ఈ రోజుకీ తప్పు పట్టలేను.

కథ అక్కడ ఆగిపోయేదే. మా పేటలో ఇలాంటివి చాలా జరిగాయి, జరిగాక ఎవరూ నోరెత్తరు, ఆదివారం అందరూ మామూలుగా పాటలు పాడతారు. కానీ నాయనకు దేవుడు చెప్పాడు. దేవుడు చెప్పింది దాచుకోవడం ఆయనకు చేతకాదు.

మరుసటి రోజు ఆరాధనలో సాక్ష్యం చెప్పే వేళకు లేచి నిలబడ్డాడు.

"నా బిడ్డ ఉద్యోగానికి అడ్డం వచ్చింది. దేవుణ్ణి అడిగినా. చేయమన్నాడు. సంతకం పెట్టించినా, ఆఫీసరు ముందర ఆ మాట నోటితో చెప్పినా, కరుణమ్మ సమాధి మీద సిలువ తీసినా. నాకు కష్టమైంది. అయినా ఆయన మాట. దాచిపెట్టి మీ ముందర ప్రార్థన చేయకూడదని చెప్తాండా."

అందరూ చేసేది ఒక మనిషి పైకి చెప్పేశాడు. తల ఎత్తితే ఎవరి కళ్లు ఎవరిని చూస్తాయో అని అందరూ చాపలకేసి చూశారు. చివరికి స్త్రీల వైపు నుంచి రాజేశ్వరి లేచింది. ఆమె కొడుకులిద్దరూ అదే సర్టిఫికెట్‌తో ఉద్యోగాలు చేస్తున్నారు.

"సంతకమంటే అర్థమైతాది ఆశీర్వాదమన్నా. పెండ్లాం సమాధి మీద సిలువ పెరకమని దేవుడు చెప్తాడా? నీతో మాట్లాడింది ఎవురో బాగా సూసుకో."

"చీటీలో వచ్చిందమ్మా," అన్నాడు నాయన. "నా బిడ్డే రాసింది, నా చేత్తో తీసినా. ఇంగెట్ల కాదంటాను?"

తలలన్నీ నా వైపు తిరిగాయి. నేను పాటల పుస్తకంలో పేజీ వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. మాట్లాడడానికి నాకు దొరికిన రెండో అవకాశం అది. ఆ పేజీ నాకు దొరకలేదు, నేను లేవలేదు.

ఆరాధన అయ్యాక దినేష్ నాయన దగ్గరికొచ్చి చాలా మెల్లగా అన్నాడు. "కొన్నాళ్లు ప్రభు బల్లకు దూరంగా ఉండన్నా. సంఘానికి నేను జవాబు చెప్పుకోవాల గదా. తాళంచెవి కూడా..."

నాయన జేబులోంచి తాళంచెవి తీసి, తువ్వాలతో తుడిచి ఇచ్చాడు.

సెప్టెంబరులో నాకు ఆర్డరు వచ్చింది. కుప్పం దగ్గర ఒక ఊరి హైస్కూలు. క్లాసులో సగంమంది ఇళ్లలో తమిళం, కొందరి ఇళ్లలో కన్నడం, నాతో మాత్రం తెలుగు. పిల్లలు మంచివాళ్లు. కుప్పంలో గది తీసుకున్నాను. ఆదివారం మందిరానికి పోతే ఎవరైనా చూస్తారని భయం, తలుపు వేసుకొని నోట్సు రాసుకునేదాన్ని. నాయన ఫోన్ చేసి, "ప్రార్థన చేసుకుంటాండావా?" అనేవాడు. "ఆ," అనేదాన్ని. ఆయన మాత్రం ప్రతి ఆదివారం మందిరానికి పోతున్నాడు. ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షరసం పంచే వేళకు లేచి బయటికొచ్చి చెప్పుల దగ్గర నిలబడి, అది అయ్యాక మళ్లీ లోపలికి పోతాడట. ఈ సంగతి నాకు అత్త చెప్పింది.

డిసెంబరు మూడో ఆదివారం మధ్యాహ్నం తలుపు తడితే తీశాను. నాయన. చంకలో గ్రంథం, వీపు మీద యూరియా సంచి. పలమనేరులో బస్సు మారి ఆ బరువుతో వచ్చాడు. సంచి దించి, నడుము పట్టుకొని, గోడకు ఆనుకొని కూర్చున్నాడు. నేను ఇచ్చిన నీళ్లు తాగాడు.

మావాళ్లు క్రిస్మస్‌కు ముందు సమాధులకు సున్నం కొడతారు, పేర్ల మీద కొత్త రంగు వేస్తారు. నాయన ఆ మాటే ఎత్తాడు.

"నిన్న అందురూ సున్నం కొడతాండిరి. నేనూ బకెట్టు తీసుకొని పోయినా. పోయినాక యాడ కొట్టాలో తెలీలేదు. ఊరికే నిలబడి వచ్చేసినా." సంచి మీద చేయి వేశాడు. "ఇరిగిన చేయి సిమెంటుతో అతికించినా. పేరు చెరిగిపోయింది. పుంగనూరు పెయింటరు రాయనన్నాడు, వాడూ మన సంఘమే గదా. ఈడైతే మనల్ని ఎరిగినోళ్లు లేరు, ఎవురితోనైనా రాయించొచ్చు. కానీ ముందు దేవుణ్ణి అడగాల. మళ్లా నిలబెట్టాలా వద్దా అని. తీయమనింది ఆయనే, ఆయన చెప్పకుండా నిలబెట్టకూడదు. రెండు రోజులుగా ఉపవాసం ఉండా. చీట్లు నువ్వే రాయమ్మా. నీ చేతి చీటీలో ఆయన పలికినాడు."

గ్రంథం నా ముందు పెట్టాడు. నేను పెన్ను తీసుకున్నాను, కాగితం తీసుకున్నాను. రాయలేకపోయాను.

"నాయనా, ఆ రోజు రెండు చీట్లలోనూ ఒకటే రాసినా," అన్నాను. "రెండింట్లోనూ 'చేయండి' అనే రాసినా."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. గ్రంథం తెరిచి, దాచుకున్న చీటీ బయటికి తీసి, విప్పి చూశాడు.

"కాల్చిందాంట్లో కూడా ఇదేనా?"

"ఇదే."

చీటీని మళ్లీ పాత మడతల మీదే మడిచాడు. బయట ఏదో బండి చాలాసేపు హారన్ కొట్టి పోయింది.

"అయితే మనం ఆయన్ని అడగనే లేదు," అన్నాడు నాయన.

తిట్టలేదు. తిడితే బాగుండునని నేను కాళ్లు పట్టుకున్నాను. తల మీద చేయి పెట్టాడు, పెట్టి తీసేశాడు.

"ఇప్పుడు నిజంగా రాస్తా నాయనా. రెండూ వేరేవేరేగా."

"వద్దులే. ఇంగ ఏ చీటీ తీసినా రెండోదాంట్లో ఏముండాదో అని విప్పబుద్ధి అయితాది నాకు."

"అయితే నేరుగా నిలబెట్టు. పాస్టరుకు నేనే చెప్తా. తప్పంతా నాదని చెప్తా."

"నిలబెడితే నీ ఉద్యోగం?"

"మళ్లా అర్జీ పెట్టొచ్చు. పోవచ్చు."

"పోయినా పర్వాలేదా నీకు?"

పర్వాలేదు అనాలి. నాలుగు అక్షరాల మాట. పొద్దున్నే పిల్లలు గుడ్ మార్నింగ్ చెప్పడం, హాజరు పట్టీలో నా పేరు, ఒకటో తేదీ, ఏడేళ్లు ఎక్కిన అంగళ్లు బస్సు, అన్నీ గుర్తొచ్చాయి. నేను మాట్లాడలేదు. ఆయన కాసేపు ఎదురుచూసి, "సరే," అని లేచాడు. ఆ రోజు దేవుడి మాటకు సరే అన్నప్పుడు ఎంత మెల్లగా అన్నాడో, నా మౌనానికీ అంతే మెల్లగా అన్నాడు. సంచి ఎత్తుకొని బస్టాండుకు పోయాడు. అన్నం తినమన్నా తినలేదు. ఉపవాసం విరవడం కూడా మరిచిపోయినట్టున్నాడు.

పాస్టరుకు నేను చెప్పాను. నా తప్పని చెప్పాను. దినేష్ తాళంచెవి తీసుకొని స్వయంగా మా ఇంటికి పోయాడట. నాయన తీసుకోలేదు. "సిలువ మంచం కింద పెట్టుకొని మందిరం తలుపు ఎట్ల తీసేది అయ్యా?" అన్నాడట. పోయినసారి దేవుడు చెప్పాడని తీశాడు. ఇప్పుడు నిలబెట్టకపోవడం ఎవరూ చెప్పింది కాదు. అది ఆయన సొంతం, నా కోసం చేస్తున్నది, దానికి ఆనుకోవడానికి ఆయనకు దేవుడు కూడా లేడు.

పోయిన శనివారం ఇంటికి పోయాను. అత్త తన పటం ఎప్పుడో తీసుకుపోయింది. మేకు ఖాళీగా ఉంది. మంచం కింద సంచి ఉంది. నాయన సంగటి ముద్దలు చేసి రెండు కంచాలు పెట్టాడు. ఇంతకు ముందైతే కూడు చల్లారిపోయేదాకా ప్రార్థన చేసేవాడు. నా పేరు చెప్పి, పేటలో ఒక్కో ఇంటి పేరూ చెప్పి, దారి చూపించు తండ్రీ, దారి చూపించు అని అడిగేవాడు. చిన్నప్పుడు ఆకలికి నేను కంచం గోకితే అమ్మ తొడపాశం పెట్టేది.

"తండ్రీ, ఈ కూటికి స్తోత్రం," అన్నాడు.

నేను కళ్లు మూసుకొని మిగతాది వస్తుందని ఆగాను. ఎంతసేపటికీ రాకపోతే కళ్లు తెరిచాను. నాయన అప్పటికే తింటున్నాడు.